టార్చ్ అంటుకోంగనే లిమిట్ కొట్టినట్టు చూపిస్తుంది. ఇన్‌పుట్లు ఐసోలేటెడ్ అన్నరు కదా?

మిర్యాలగూడ వెల్డర్:

అందరికి నమస్తే. మాది మిర్యాలగూడ, చిన్న ఫ్యాబ్రికేషన్ షెడ్డు. రైస్ మిల్లులకు హాపర్లు, ఎలివేటర్ బకెట్లు, నాట్లప్పుడు ట్రాక్టర్లకు కేజ్ వీల్స్, మిగిలిన దినాలు గేట్లు, గ్రిల్స్. పదకొండేండ్లు గ్యాస్ కట్టర్‌తోనే నెట్టుకొచ్చిన. కేజ్ వీల్ ప్లేట్లు చేత్తోని కోసి, అంచులు గ్రైండింగ్ పట్టేసరికి కూలి, డిస్కుల ఖర్చు రెండూ మీదవడుతున్నయని పోయిన దసరా అయినంక నాలుగు బై ఎనిమిది అడుగుల ప్లాస్మా టేబుల్ (కంప్యూటర్ చెప్పినట్టు టార్చ్ తిరిగి ప్లేటు కోసేది) సొంతంగ కట్టిన.

మెకానికల్ నా చేతి పని, దాంట్ల డౌటు లేదు. మూలమూలకు టేపు పెట్టి కొలిస్తే మిల్లీమీటర్ తేడా లేదు. ఎలక్ట్రికలే తలకాయ తింటున్నది.

సామాన్ చెప్త. పాత పీసీ, ప్యారలల్ పోర్టు, టేబుల్ నడిపే మాక్3 సాఫ్ట్‌వేర్. పీసీకి, టేబుల్ వైర్లకు నడుమ ఒక బ్రేకౌట్ బోర్డు. బోర్డుకు ఒక దిక్కు ప్యారలల్ పోర్టు, 5 వోల్టుల టెర్మినల్. ఇంకో దిక్కు 12–24 వోల్టుల టెర్మినల్, ఇన్‌పుట్లు, అవుట్‌పుట్లు. నడుమ తెల్లగీత గీసి, ఆ గీత మీద నాలుగు కాళ్ల నల్ల చిప్పులు వరుసగ కూసున్నయి, ఒక్కోదాని మీద 817 అని రాసుంది. అమ్మినాయన "ఇన్‌పుట్, అవుట్‌పుట్ అన్నీ ఐసోలేటెడ్, హెచ్‌ఎఫ్ వచ్చినా ఏం గాదు" అన్నడు. హెచ్‌ఎఫ్ అంటే టార్చ్ అంటిచ్చే హై ఫ్రీక్వెన్సీ కరెంటు, ఐసోలేటెడ్ అంటే రెండు దిక్కుల నడుమ తీగ కలవకుండ ఉండుడు. ప్లాస్మా మిషిన్ సెకండ్ హ్యాండ్ది, హెచ్‌ఎఫ్ స్టార్ట్, చేతి టార్చ్ రకం. వెనకాల సీఎన్‌సీ సాకెట్ ఏం లేదు. టార్చ్ బటన్ వైర్లు రెండు బయటికి తీసి రిలేకు ఇచ్చిన.

వైరింగ్ ఇట్ల చేసిన. 24 వోల్టుల, 5 ఆంపియర్ల ఎస్ఎంపీఎస్ (పవర్ సప్లై) ఒకటి. దాన్నుంచే సెన్సార్లు, రిలే, గాలి సోలెనాయిడ్. దాన్నుంచే ఒక బక్ మాడ్యూల్ పెట్టి 5 వోల్టులు తీసి బోర్డు ప్యారలల్ పోర్టు దిక్కుకు ఇచ్చిన. మోటర్లకు 48 వోల్టులది వేరే ఉంది. మైనస్‌లన్నీ ఒక ఇత్తడి బస్‌బార్ మీదికి తెచ్చి బిగించిన, చూస్తే ముచ్చటగ ఉంటది. సెన్సార్లు ఎల్‌జే12ఏ3-4-జెడ్/బీఎక్స్. గోధుమ వైరు ప్లస్, నీలం మైనస్, నల్లది ఇన్‌పుట్‌కు.

ఇప్పుడు బాధ. టార్చ్ లేకుండ ఉత్తగ నడిపితే మూడు గంటలు నడిచినా చెక్కుచెదరదు. టార్చ్ అంటుకుందా, పది పియర్సింగుల్ల (కోత మొదలువెట్టే తూట్లల్ల) రెండు మూడుసార్లు ఎక్స్ లిమిట్ (టార్చ్ మోసే దూలం, అంటే గ్యాంట్రీ, కొసకు పోతే ఆపే సెన్సార్) తగిలిందని ఆగిపోతది. గ్యాంట్రీ నట్టనడుమ ఉంటది, లిమిట్ ఎక్కడో నాలుగడుగుల దూరంల ఉంటది. ఒకసారి పీసీనే రీస్టార్ట్ అయింది.

ఇంకోటి చెప్తే తిడతరు గని చెప్త. మొన్న పొద్దుగాల మెయిన్ ఎక్కించిన. పీసీ ఇంక బూట్ కూడ కాలేదు. టార్చ్ దానంతటదే అంటుకుంది. మా బామ్మర్ది అప్పుడే షీట్ సదురుతుండె, చెయ్యి జానెడు దూరంల ఉంది. షీట్‌కు రూపాయి బిళ్లంత బొక్క పడ్డది, ఆయన చేతికి చిటపటలు తప్ప ఏం గాలేదు. రిలే చూస్తే పట్టుకొనే ఉంది, మాక్3ల అవుట్‌పుట్ ఆఫ్ చేసినా ఇడవలేదు. ఆ రోజు కెల్లి టేబుల్ బందు పెట్టిన.

సాగర్ ఎడమ కాల్వకు నీళ్లు ఇడిస్తే కేజ్ వీల్స్ ఆర్డర్లు ఒక్కసారే వచ్చి పడ్తయి. అంతల్నే ఇది తేలాలె. ఐసోలేటెడ్ అంటే ఇదేనా? బోర్డు మార్చాల్నా?


జడ్చర్ల టర్నర్:

అన్నా, మాక్3లో జనరల్ కాన్ఫిగ్‌లోకి వెళ్లి డిబౌన్స్ (ఇన్‌పుట్ ఎంతసేపు నిలిస్తే నమ్మాలో చెప్పే అంకె) 2000 పెట్టు. నాకు రౌటర్‌లో ఇదే ప్రాబ్లం వస్తే దాంతోనే పోయింది. బోర్డు మార్చే పని లేదు.


పాలమూరు సర్క్యూట్:

బోర్డు మార్చొద్దు. డిబౌన్స్ కూడా ఇప్పుడే ముట్టుకోవద్దు. జడ్చర్ల అన్న చెప్పింది అబద్ధం కాదు, కానీ దాని ఖరీదు ఎంతో లెక్క చూడండి. మాక్3లో డిబౌన్స్ ఒక్కో అంకె 40 మైక్రోసెకన్లు. 2000 అంటే 80 మిల్లీసెకన్లు. గ్యాంట్రీ నిమిషానికి 6000 మిల్లీమీటర్ల వేగంతో పోతుందనుకుంటే సెకనుకు 100, అంటే లిమిట్ నిజంగా తగిలాక కూడా కంట్రోలర్‌కు తెలిసేసరికి 8 మిల్లీమీటర్లు దాటి ఉంటుంది. ఆ సెన్సార్ పట్టేదే 4 మిల్లీమీటర్ల దూరం. జ్వరం తగ్గలేదని థర్మామీటర్ పగలగొట్టినట్టు అవుతుంది. అన్నీ సరిచేశాక 100 పెట్టుకోండి, 4 మిల్లీసెకన్లు, అది న్యాయం.

ఇక అసలు సంగతి. ఆ 817 చిప్పులో, దాన్నే ఆప్టో అంటారు, లోపల ఒక చిన్న ఎల్ఈడీ, దానికి ఎదురుగా వెలుగు పడితే పనిచేసే ట్రాన్సిస్టర్ ఉంటాయి. రెంటి మధ్య తీగ లేదు, వెలుగే దాటుతుంది. 5000 వోల్టుల దాకా తట్టుకునేలా చేస్తారు. తెల్లగీతకు ఇవతల పీసీ లోకం, అవతల టేబుల్ లోకం. అమ్మినాయన చెప్పింది బోర్డు వరకు నిజమే. మీరు చేసింది ఏమిటంటే, చెరువుకు కట్ట పోసి పక్కనే తూము ఎత్తి పెట్టారు.

ఆ తూము ఒకటి కాదు, రెండు కనిపిస్తున్నాయి. మొదటిది మీ ముచ్చటైన ఇత్తడి బస్‌బార్. 24 మైనస్, 48 మైనస్, 5 మైనస్ అన్నీ దాని మీదే కలిశాయి. రెండోది బక్ మాడ్యూల్. ఆ చిన్న నీలం బోర్డు ఎల్ఎం2596ది అయి ఉంటుంది. అందులో ఇన్ మైనస్, అవుట్ మైనస్ రెండూ లోపల ఒకటే రాగి. అంటే బస్‌బార్ తీసేసినా బక్ గుండా 24 వోల్టుల మైనస్, పీసీ మైనస్ కలిసే ఉంటాయి. టార్చ్ హెచ్‌ఎఫ్ టేబుల్ వైర్ల మీదికి ఎక్కితే చిప్పును దాటాల్సిన పనే లేదు, మైనస్ పట్టుకుని దర్జాగా పీసీలోకి నడిచిపోతుంది. పీసీ రీస్టార్ట్ అయ్యిందన్నారు, అదే సాక్ష్యం. లిమిట్ ఒక్కటే పొరపాటున కొడితే అది ఇన్‌పుట్ నాయిస్. పీసీనే పడిపోయిందంటే మైనస్ కలిసింది.

పరీక్ష చాలా సులువు. అన్ని పవర్లు తీసేయండి. పీసీ ప్లగ్ గోడ నుంచి పీకేయండి, ఇది మరవొద్దు. మల్టీమీటర్ బజర్ మీద పెట్టండి. ఒక ముల్లు ప్యారలల్ పోర్టులో 18 నుంచి 25 వరకు ఏ పిన్నుకైనా పెట్టండి, అవన్నీ గ్రౌండే. ఇంకో ముల్లు 24 వోల్టుల మైనస్‌కు. బీప్ రావొద్దు. వస్తే తూములు ఒక్కొక్కటే మూస్తూ పోండి, ఏది తీస్తే ఆగుతుందో చూడండి.

5 వోల్టులకు పీసీ యూఎస్‌బీ నుంచే తీసుకోండి. అదే పీసీ గ్రౌండ్ కాబట్టి కొత్తగా ఏమీ కలవదు. మోటర్ డ్రైవర్ల లోపల కూడా ఆప్టోలుంటాయి, కాబట్టి 48 మైనస్‌ను ఎవరితోనూ కలపాల్సిన అవసరం లేదు.

ఇంకో మాట. ఇన్‌పుట్ టెర్మినల్ వెనకాల చిన్న చిప్ రెసిస్టర్లు ఉంటాయి, వాటి మీద ఏ అంకె ఉందో చూసి చెప్పండి. 24 వోల్టులిచ్చి పది నిమిషాలయ్యాక వేలు పెట్టి చూడండి, కానీ నింపాదిగా.

రిలే ఇడవకపోవడం గురించి వేరే రాస్తాను. అది చిన్న విషయం కాదు. దానికి డయోడ్ వేశారా?


నల్లగొండ ప్యానెల్ బోర్డు:

తమ్మీ, ముప్పై ఏండ్ల సంది మిల్లుల ప్యానెళ్లు కడ్తున్న. ఊక దుమ్ములోపట సెన్సార్లు ఎట్ల చస్తయో నా కండ్ల జూసిన. ప్లాస్మా నాకు కొత్తనే గని హెచ్‌ఎఫ్ టిగ్ వెల్డింగ్ మిషిన్లతోని చానా అనుభవించిన. నా మాట రెండు ముక్కల్ల చెప్త.

టార్చ్ కేబుల్, సెన్సార్ వైర్లు ఒకే డ్రాగ్ చైన్ల పెట్టినవ్ గదా? రాయలేదు గని పెట్టే ఉంటవ్, అందరు పెడ్తరు. తియ్. టార్చ్ కేబుల్ పైనుంచి వేలాడదీయ్, సెన్సార్ వైర్లు కింద చైన్ల. నడుమ అడుగు దూరం. ఎక్కడన్న దాటాల్సొస్తే అడ్డంగ దాటు, పక్కపక్కన పారనియ్యకు. ఆ చిప్పు ఎంత గట్టిదైనా రెండు దిక్కుల వైర్లు టార్చ్ పక్కనుంచే పోతే రెండింటి మీద పడ్తది గద.

సెన్సార్లకు షీల్డ్ వైరు వాడు. ఆ అల్లిక ప్యానెల్ దిక్కు ఒక్కటే కొసకు ఎర్త్ చెయ్, సెన్సార్ దిక్కు కోసేసి టేపు చుట్టు.

ఎర్త్. మన దిక్కు రాయి నేల, బోర్లు వెయ్యి అడుగులు దిగినా దుమ్మే లేస్తది. మిర్యాలగూడ కాల్వ కింద నల్లరేగడి ఉన్నకాడ కొంచెం నయం. టేబుల్ పక్కకే ఒక పిట్ తవ్వు, జీఐ పైపు రెండున్నర మీటర్లకు తక్కువ దిగొద్దు, బొగ్గు ఉప్పు నింపి, ఎండకాలం నీళ్లు పోస్తుండాలె. ఎర్త్ టెస్టర్ ఉన్నోన్ని పిలిచి కొలిపియ్. ఆ పిట్‌ను షెడ్డు ఎర్త్‌తోని మందం వైరుతో కలుపు, ఒంటరిగ ఇడిసిపెట్టకు. టేబుల్, ప్లాస్మా క్లాంప్, గ్యాంట్రీ, ప్యానెల్ అన్నీ వేరేవేరే వైర్లతోని ఒకే బోల్టు కాడికి రావాలె. పట్టాల మీద తిరిగే గ్యాంట్రీకి బేరింగుల గుండా ఎర్త్ అందుతదనుకోకు, దానికి ప్రత్యేకంగ మెత్తటి వైరు ఎయ్.

24 మైనస్‌ను కూడ ఆ బోల్టుకే కట్టు. ఏ సప్లై మైనస్ కూడ గాల్ల ఉండొద్దు, ఇది మా గురువు నేర్పింది.


పాలమూరు సర్క్యూట్:

అన్నా, వైర్ల దారి, ఎర్త్ విషయంలో మీరు చెప్పిన ప్రతి అక్షరం ఒప్పుకుంటా. ఆఖరి మాట దగ్గరే ఆగుతా.

పీసీ మూడు పిన్నుల ప్లగ్‌లో ఎర్త్ ఉంది, పీసీ బాడీ ఎర్త్‌కు కట్టి ఉంటుంది, ప్యారలల్ పోర్టు గ్రౌండ్ బాడీతో కలిసి ఉంటుంది. 24 మైనస్‌ను కూడా ఎర్త్‌కు కడితే ఎర్త్ దారిలో మళ్లీ రెండూ కలిశాయి. మిల్లు ప్యానెళ్లలో అలా కట్టడం సరైనదే. అక్కడ ఒక వైరు బాడీకి తగిలితే ఫ్యూజ్ పోవాలి, మోటర్ దానంతట అది స్టార్ట్ కావొద్దు, అందుకు కడతారు. హెచ్‌ఎఫ్ ఉన్న ఈ టేబుల్‌కు మాత్రం ముందు గాల్లోనే ఉంచి చూద్దాం అంటాను. పీసీ ఎర్త్ పిన్ను పీకేద్దామని మాత్రం ఎవరూ అనుకోవద్దు, ప్రాణాల మీదికి వస్తుంది.


నల్లగొండ ప్యానెల్ బోర్డు:

గాల్ల ఉంచితే ఒక వైరు బాడీకి తగిలినా తెల్వది. రెండోది తగిలిన్నాడు తెలుస్తది. సరే, నీ ప్రకారమే చేసి చూడనీ. నేను మాత్రం కడ్త.


మిర్యాలగూడ వెల్డర్:

అన్నా, కాకా, ఇద్దరికి దండాలు. నిన్న ఆదివారం షెడ్డు బందు పెట్టి మొత్తం ముందటేసుకున్న. డ్రాగ్ చైన్ల మాట నిజమే కాకా, ఎట్ల కనిపెట్టినవ్!

మల్టీమీటర్ పెట్టంగనే బీప్. బస్‌బార్ మీదికెళ్లి మూడు మైనస్‌లు విడదీసిన. బీప్. బక్ మాడ్యూల్ ఊడదీసిన (ఎల్ఎం2596నే, మీరెట్ల చెప్తిరో). గప్పుడన్న ఆగుతదనుకుంటే మళ్ల బీప్. పీసీ ప్లగ్ పీకిన్నా లేదా అని రెండుసార్లు పోయి చూసిన. పీకే ఉంది.

గంటసేపు కింద మీద పడ్డ. సెన్సార్లన్నీ విప్పిన, మోటర్ డ్రైవర్ల వైర్లు విప్పిన, అయినా బీప్. మా బామ్మర్ది మీటర్ ఖరాబయిందన్నడు, ముండ్లు విడిగ పెడ్తే సప్పుడు లేదు. ఆఖరికి ఎస్ఎంపీఎస్ మూత కాడ టార్చ్ లైటేసి చూస్తే మైనస్ టెర్మినల్ నుంచి పక్కన ఎర్త్ టెర్మినల్‌కు వేలెడంత పచ్చ వైరు. ప్యానెల్ కట్టిచ్చినప్పుడు కరెంటాయన ఏసిండు, నాకు యాదికి కూడ లేదు. ఎర్త్ నుంచి ప్యానెల్ రేకుకు, రేకుకు బిగించిన ప్యారలల్ సాకెట్ బాడీకి, ఆడికెళ్లి కేబుల్ పట్టుకొని పీసీకి. ఆ పచ్చ వైరు కత్తిరించిన. సప్పుడు బందు. ఆ నిశ్శబ్దం ఎంత హాయిగున్నదో!

చిప్ రెసిస్టర్ల మీద 222 అని ఉంది. వేలు పెట్టమన్నరు గదా, పెట్టిన. చుర్రుమన్నది.

రిలేకు డయోడ్ లేదు. ఓమ్రాన్ ఎంవై2, 24 వోల్టులది. నేరుగ బోర్డు అవుట్‌పుట్‌కు పెట్టిన.


నల్లగొండ ప్యానెల్ బోర్డు:

ఆ పచ్చ వైరు ఏసినోడు నా అసుంటోడే. హహ. ఎవరని అడగకు.


పాలమూరు సర్క్యూట్:

మూడో తూము అది. నేను రెండే చూశాను.

ముందు 222. అంటే 2.2 కిలో ఓమ్. ఆప్టో లోపలి ఎల్ఈడీ 1.2 వోల్టులు తినగా మిగిలిన 22.8 వోల్టులు రెసిస్టర్ మీద పడతాయి. పది మిల్లీ ఆంపియర్లు దాటుతుంది. వాట్లలో దాదాపు పావు వాట్. ఆ సైజు చిప్ రెసిస్టర్లు చాలావరకు ఎనిమిదో వంతు వాట్‌వే. అందుకే చుర్రుమంది. బోర్డు మీద 12–24 అని రాసినా, ఇది 12కు లెక్క వేసి పెట్టిన రెసిస్టర్. మీరు 12కు దిగొద్దు, నాయిస్‌కు 24 మంచిది. ప్రతి ఇన్‌పుట్ వైరుకు బయట ఇంకో 2.2 కిలో ఓమ్, అర వాట్‌ది సిరీస్‌లో పెట్టండి. కరెంటు 5 మిల్లీ ఆంపియర్లకు దిగుతుంది, ఆప్టోకు అది చాలు, ఒక్కో రెసిస్టర్ మీద 0.06 వాట్ మాత్రమే పడుతుంది. తర్వాత వేలు పెట్టినా ఏమీ తెలియదు. కోఠి గుజరాతీ గల్లీలో రూపాయిల్లో దొరుకుతాయి, నల్లగొండలో రేడియో రిపేర్ వాళ్ల దగ్గర కూడా ఉండొచ్చు.

మీ సెన్సార్ బీఎక్స్, అంటే ఎన్‌పీఎన్, మామూలుగా ఓపెన్‌గా ఉండే రకం. లోహం వస్తే నల్ల వైరును మైనస్‌కు లాగుతుంది. కాబట్టి బోర్డు ఇన్‌పుట్ కామన్ ప్లస్ 24కు ఉండాలి, మీది అలాగే ఉంది. ఒక్కటే లోటు: ఈ రకంలో వైరు తెగితే లిమిట్ పనిచేయదు, తెలియను కూడా తెలియదు. ఈసారి కొనేటప్పుడు ఏఎక్స్ తెచ్చుకోండి, మామూలుగా క్లోజ్‌గా ఉంటుంది, వైరు తెగిన క్షణమే మిషన్ ఆగుతుంది.

ఇప్పుడు రిలే. రిలే కాయిల్ ఆఫ్ అయ్యేటప్పుడు ఎదురు వోల్టేజి వందల్లో కొడుతుంది. ఆప్టో ట్రాన్సిస్టర్ రకాన్ని బట్టి 35, లేదా 80 వోల్టులు తట్టుకుంటుంది. కాయిల్ తీసుకునేది దాదాపు 37 మిల్లీ ఆంపియర్లు, ఆప్టో హద్దే 50. అంటే వారం రోజులు పనిచేయడమే దాని మంచితనం. ఇలాంటి ట్రాన్సిస్టర్లు చస్తే చాలాసార్లు తెరుచుకుని కాదు, షార్ట్ అయి చస్తాయి. షార్ట్ అయితే మాక్3 ఏం చెప్పినా రిలే పట్టుకునే ఉంటుంది. మీ బామ్మర్ది గారి చేతికి గండం ఆ 817 చిప్పు వల్లే అంత దగ్గరికి వచ్చింది.

పోయిన అవుట్‌పుట్ వదిలేసి రెండోది వాడండి. నేరుగా కాయిల్ పెట్టకుండా నడుమ యూఎల్ఎన్2003 డ్రైవర్ చిప్పు పెట్టండి, చానెల్‌కు 500 మిల్లీ ఆంపియర్లు మోస్తుంది, డయోడ్లు లోపలే ఉంటాయి, కామన్ పిన్ను ప్లస్ 24కు కట్టడం మరవొద్దు. దాని మైనస్ టేబుల్ లోకం మైనస్సే, పీసీది కాదు. అది ఆన్ కావడానికి ఇన్‌పుట్‌కు ప్లస్ కావాలి. మీ బోర్డు అవుట్‌పుట్ మైనస్‌కు లాగే రకం కాబట్టి ఆప్టో కలెక్టర్‌ను నేరుగా ఇస్తే తిరగబడుతుంది, మాక్3 ఆఫ్ అన్నప్పుడు రిలే పడుతుంది. అది మహా ప్రమాదం. ఆ తలనొప్పి వద్దనుకుంటే కాయిల్ 10 మిల్లీ ఆంపియర్ల లోపు తీసుకునే సన్న ఇంటర్‌ఫేస్ రిలే ఒకటి బోర్డుకు, దాని కాంటాక్ట్ మీ ఎంవై2 కాయిల్‌కు. రెండు కాయిళ్లకూ 1ఎన్4007 డయోడ్. మీ చేతికి ఇదే సులువు.

ఎంవై2 కాయిల్‌కు వచ్చే ప్లస్ వైరు ఎమర్జెన్సీ స్టాప్ క్లోజ్ కాంటాక్ట్ గుండా రావాలి. సాఫ్ట్‌వేర్ బతికున్నా చచ్చినా, పుట్టగొడుగు నొక్కితే టార్చ్ రిలే కాయిల్‌కు కరెంటే అందకూడదు. ఇంకోటి, ప్యారలల్ పోర్టు పిన్నులు పీసీ బూట్ అవుతున్నప్పుడు పైకీ కిందికీ ఎగురుతాయి. అందుకే పీసీ లేచి, మాక్3 తెరిచి, రీసెట్ నొక్కాకే ప్లాస్మా మిషన్ ఆన్ చేయడం అలవాటు చేసుకోండి. మీ బోర్డుకు చార్జ్ పంప్ ఉంటే అది ఆన్ చేయండి, మాక్3 నుంచి 12.5 కిలోహెర్ట్జ్ పల్స్ వస్తేనే అవుట్‌పుట్లు తెరుచుకుంటాయి.

ఆ ఎంవై2ను ప్యానెల్‌లో పెట్టొద్దు. ప్లాస్మా మిషన్ వెనకాల చిన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టండి. టార్చ్ బటన్ వైర్లు హెచ్‌ఎఫ్ మోసుకొస్తాయి. వాటిని జానెడు దూరంలోనే ఆపేయాలి, ప్యానెల్ దాకా రానివ్వకూడదు. ప్యానెల్ నుంచి 24 వోల్టుల కాయిల్ వైర్లు మాత్రమే పోవాలి.


సూర్యాపేట ట్రాలీలు:

మధ్యల వస్తున్న, ఏమనుకోవద్దు. మాది హైపర్‌థెర్మ్ పవర్‌మ్యాక్స్ 45, వెనక 14 పిన్నుల సాకెట్ ఉంది. మాకు కూడ గీ రిలే కథ కావాల్నా?


పాలమూరు సర్క్యూట్:

మీ మిషన్‌లో పైలట్ ఆర్క్ (కోతకు ముందు టార్చ్‌లో పుట్టే చిన్న ఆర్క్) హెచ్‌ఎఫ్ లేకుండా గాలి ఒత్తిడితో పుడుతుంది, సగం బాధ లేదు. 3, 4 పిన్నులు స్టార్ట్. వాటి మధ్య ఓపెన్‌లో 18 వోల్టులు మిషన్ నుంచే వస్తాయి, మీరు వోల్టేజి ఇవ్వొద్దు, ఉత్త రిలే కాంటాక్ట్‌తో కలపండి. 12, 14 ఆర్క్ ట్రాన్స్‌ఫర్ కాంటాక్ట్ (ఆర్క్ ప్లేటుకు దిగగానే కలిసేది), దాన్ని నేరుగా ఇన్‌పుట్‌కు తెచ్చుకోవచ్చు. 5, 6లో ఆర్క్ వోల్టేజి భాగించి వస్తుంది, కంపెనీ నుంచి వచ్చేటప్పుడు 50కి 1. ఆర్క్ 120 ఉంటే అక్కడ 2.4 వోల్టులు. సాకెట్ లేని మిషన్లలో టార్చ్ నుంచి అసలు ఆర్క్ వోల్టేజిని ఎవరూ వైరు పెట్టి బోర్డుకు తేవొద్దు, ఆర్క్ లేనప్పుడు అక్కడ 200, 300 వోల్టులు ఉంటాయి.


మిర్యాలగూడ వెల్డర్:

అన్నా, నా మిషిన్‌కు ఆర్క్ ఓకే (ఆర్క్ ప్లేటుకు దిగిందన్న సిగ్నల్) ఎట్ల మరి? ఇప్పుడైతే ఎం3 (టార్చ్ అంటుకొమ్మనే కమాండ్) కాడ అర సెకను ఆగమని జీ4 పెట్టి నడుపుతున్న. 8 ఎంఎం ప్లేటుకు తూటు పడకముందే గ్యాంట్రీ ఉరుకుతుంది.


పాలమూరు సర్క్యూట్:

రీడ్ స్విచ్. వేలెడంత గాజు గొట్టం, లోపల రెండు రేకులు, అయస్కాంతం దగ్గరికొస్తే కలుస్తాయి. ప్లాస్మా క్లాంప్ కేబుల్‌ను, టార్చ్‌ది కాదు, ఒక పీవీసీ పైపు ముక్క చుట్టూ రెండు మూడు చుట్లు చుట్టండి. రీడ్ స్విచ్‌ను ఆ పైపు లోపల పొడుగ్గా పడుకోబెట్టండి. క్లాంప్‌లో కరెంటు పారిందంటే ఆర్క్ ప్లేటుకు దిగినట్టే. రేకులు కలుస్తాయి. రెండు వైర్లు, ఒకటి ఇన్‌పుట్‌కు, ఒకటి 24 మైనస్‌కు. 5 మిల్లీ ఆంపియర్లు రీడ్ స్విచ్‌కు లెక్కే కాదు. ప్లాస్మాకు, మీ బోర్డుకు నడుమ గాజు తప్ప ఏమీ లేదు. దీన్ని మించిన ఐసోలేషన్ ఎవరూ అమ్మరు.

ఎన్ని చుట్లన్నది చేసి చూసుకోవాల్సిందే. ముందు రెండుతో మొదలుపెట్టి, పని చేసే తక్కువ కరెంటు దగ్గర పట్టేదాకా పెంచండి. పియర్సింగ్‌కు ఎంత ఆగాలన్నది మాత్రం ఆర్క్ ఓకే చెప్పదు. ఆర్క్ దిగిందని చెబుతుంది, తూటు పడిందని కాదు. 8 ఎంఎంకు ఆ ఆలస్యం విడిగా ఇవ్వాలి.


మిర్యాలగూడ వెల్డర్:

పన్నెండు దినాలయింది, మొత్తం చేసినంకనే రాద్దామని ఆగిన.

5 వోల్టులు యూఎస్‌బీకెళ్లి. 24 మైనస్ గాల్లనే ఉంచిన (కాకా, కోపం చెయ్యకు). బస్‌బార్ పీకి ఇంట్ల దేవుని అర్ర కాడ పెట్టిన, పారేయబుద్ధి కాలేదు. రెసిస్టర్లు ఏసిన, చల్లగున్నయి. టార్చ్ కేబుల్‌కు పైన బూమ్ కట్టిన, మిల్లు పాత కన్వేయర్ పైపు పనికొచ్చింది. పిట్ తవ్వుతుంటే అడుగున్నరకే రాయి తగిలింది, ఇంకో దిక్కు తవ్వితే దిగింది. సన్న రిలే, ఎంవై2, డబ్బా అన్నీ చెప్పినట్టే. ఎమర్జెన్సీ నొక్కి, మాక్3ల ఎం3 కొట్టి చూసిన, టార్చ్ సప్పుడు చెయ్యలేదు. బామ్మర్దితోని కూడ నొక్కిపిచ్చిన, ఆయనకు నమ్మకం కావాలె గద.

రీడ్ స్విచ్ రెండు చుట్లకు 60 ఆంపియర్ల కాడ పట్టింది, 40 కాడ ఒకసారి పట్టి ఒకసారి పట్టలే. నాలుగో చుట్టుకు ఖాయమయింది. మొదటిది మూడు చుట్లప్పుడు గాజు పగిలింది, పైపుల ఇరికిచ్చిన. రెండోదానికి దూది చుట్టిన.

మొన్నటి సంది రెండు వందల అరవై పియర్సింగులు. లిమిట్ ఒక్కసారి కొట్టింది. వెతికితే వై సెన్సార్ షీల్డ్ అల్లిక గ్యాంట్రీ దిక్కు నేను కొయ్యలే, టేపు జారి ఇనుముకు తాకుతుంది. కోసి చుట్టిన. గప్పటి నుంచి లేదు. డిబౌన్స్ 100.

ఎల్లుండి కెల్లి కేజ్ వీల్స్ మొదలు. ఒక్కటే మిగిలింది. సోలెనాయిడ్‌కు కూడ డయోడ్ ఏద్దామని చేతుల పట్టుకొని కూసున్న. వెండి గీత ప్లస్ దిక్కే గదా కాకా?


నల్లగొండ ప్యానెల్ బోర్డు:

ప్లస్ దిక్కే. తిరగేస్తివా, ఫ్యూజ్ చెప్తది.